బహిష్టు దినాలు: అల్లాహ్ గీసిన గీత, మనం కట్టిన గోడ

సిగ్గు, బిడియం విశ్వాసి సుగుణాలు. అయితే ధర్మజ్ఞానం నేర్చుకోవడానికి సిగ్గు అడ్డు రాకూడదు. మదీనాలోని అన్సారీ స్త్రీలను విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) ఈ విషయంలోనే ప్రశంసించారు. ధర్మాన్ని అవగాహన చేసుకోవడానికి వారికి సిగ్గు అడ్డు రాలేదని ఆమె తెలిపారు. వారు దైవప్రవక్త (స) వద్దకు వచ్చి స్నానం గురించి, బహిష్టు గురించి, దాంపత్యం గురించి అడిగి తెలుసుకునేవారు. వారు అలా అడిగి ఉండకపోతే నేడు ఈ సమస్యల్లో మనకు మార్గం దొరికేది కాదు. ఇమాం బుఖారీ (రహ్మ) తన హదీసు గ్రంథంలో ఒక అధ్యాయం మొత్తాన్ని బహిష్టు విషయాలకే కేటాయించారు. కనుక ఈ నెల మేము ఎత్తుకున్న విషయం చదివి ఎవరూ ఇబ్బంది పడనక్కరలేదు.

భార్య బహిష్టులో ఉన్నప్పుడు భర్త ఆమెకు ఎంత దగ్గరగా ఉండవచ్చు? ఎంత దూరంగా ఉండాలి? ఈ ప్రశ్న పైకి చిన్న మస్అలాలా కనిపిస్తుంది. కాని దీని అడుగున ఒక పెద్ద నైతిక ప్రశ్న ఉంది. ఒక పని చేయవద్దని అల్లాహ్ ఆదేశించినప్పుడు, ఆ మనిషినే దూరం పెట్టమని దాని అర్థమా? అలాగే ఒక పనికి అల్లాహ్ అనుమతి ఇచ్చినప్పుడు, దాన్ని అవతలి మనిషి మీద రుద్దే హక్కు మనకు వచ్చేస్తుందా?

రెండు పొరపాట్లు

మన ఇళ్లలో ఈ విషయమై రెండు రకాల పొరపాట్లు జరుగుతున్నాయి.

మొదటిది, లేని నిషేధాన్ని కల్పించుకోవడం. కొన్ని ముస్లిం కుటుంబాల్లో బహిష్టు అయిన స్త్రీకి చాప వేరు, కంచం వేరు, గ్లాసు వేరు. ఆమె ఆవకాయ జాడీ ముట్టుకోకూడదు. పసిబిడ్డ దగ్గరకు, బాలింత దగ్గరకు పోకూడదు. ‘నాపాక్‌గా ఉంది’ అంటూ భర్త ఆ నాలుగైదు రోజులు ఆమెతో సరిగా మాట్లాడడు కూడా. ఇది చుట్టుపక్కల ఉన్న ఆచారం చూసి మన ఇళ్లలోకి వచ్చింది. ఇతరుల ఆచారాలను విమర్శించడం మా ఉద్దేశం కాదు. ఎవరి ధర్మం వారిది. కాని మనవాళ్లు దీన్ని ఇస్లాం ఆదేశంగా భావించి ఆచరిస్తున్నారు. మా బాధ అదే.

రెండవది, ఉన్న నిషేధాన్ని లెక్కచేయకపోవడం. ‘నేను నీ భర్తను, నా మాట కాదనకూడదు’ అని బహిష్టు రోజుల్లో కూడా భార్యను బలవంతపెట్టే వారున్నారు. కొత్తగా పెళ్లయిన పిల్ల సిగ్గుతో, భయంతో నోరు విప్పదు. భర్త ఆ మౌనాన్ని అంగీకారమనుకుంటాడు. ఆమె మాత్రం తాను పాపంలో భాగం పంచుకున్నానేమోనని లోలోపల కుమిలిపోతుంది.

ఈ రెండు పొరపాట్లకూ సమాధానం ఒకే ఆయతులో ఉంది.

ఆయతు అవతరించిన సందర్భం

సూరె బఖరా 222వ ఆయతు బహిష్టు గురించి ప్రజలు అడిగిన ప్రశ్నతో మొదలవుతుంది. అది ‘అజా’ అని, ఆ స్థితిలో స్త్రీలకు దూరంగా ఉండమని, వారు పరిశుద్ధులయ్యే వరకు దగ్గరకు పోవద్దని, ఆ తర్వాత అల్లాహ్ ఆదేశించిన చోటు నుండి వారిని కలుసుకోమని ఆ ఆయతు బోధిస్తుంది. పశ్చాత్తాపపడేవారిని, పరిశుద్ధతను పాటించేవారిని అల్లాహ్ ప్రేమిస్తాడన్న శుభవార్తతో ముగుస్తుంది.

ప్రశ్న ఎందుకు వచ్చిందో హజ్రత్ అనస్ (రజి) వివరించారు. ఈ ఉల్లేఖనం సహీహ్ ముస్లింలో ఉంది. మదీనాలోని యూదులు తమ స్త్రీ బహిష్టు అయితే ఆమెతో కలిసి భోంచేసేవారు కాదు, ఒకే ఇంట కలిసి ఉండేవారు కాదు. వారి గ్రంథంలోని లేవీయకాండం 15వ అధ్యాయం ప్రకారం బహిష్టు స్త్రీ ఏడు రోజులు అశుద్ధురాలు. ఆమెను తాకిన వ్యక్తి కూడా సాయంత్రం వరకు అశుద్ధుడే. ఈ పరిస్థితి చూసిన సహాబాలు మన మార్గమేమిటని దైవప్రవక్త (స)ను అడిగారు. ఆయతు అవతరించింది. సంభోగం తప్ప మిగతా అన్నీ చేసుకోవచ్చని దైవప్రవక్త (స) దానికి వివరణ ఇచ్చారు.

కథ అక్కడితో ముగియలేదు. ఈ మాట యూదులకు చేరింది. ఈ మనిషి ప్రతి విషయంలోనూ మమ్మల్ని వ్యతిరేకిస్తున్నాడని వారు నొచ్చుకున్నారు. అప్పుడు హజ్రత్ ఉసైద్ బిన్ హుజైర్, హజ్రత్ అబ్బాద్ బిన్ బిష్ర్ (రజి) వచ్చి వారి మాటలు ప్రవక్త (స)కు విన్నవించి, అలాగైతే మేము సంభోగం కూడా ఎందుకు చేయకూడదని అడిగారు. ఆయన ముఖవర్చస్సు మారిపోయింది. వారిద్దరిపై ఆయనకు కోపం వచ్చిందని అక్కడున్నవారు అనుకున్నారు. వారు వెళ్లిపోతుండగా ఎవరో ప్రవక్త (స)కు పాలు కానుకగా తెచ్చారు. ఆయన మనిషిని పంపి వారిద్దరినీ పిలిపించి పాలు తాగించారు. మనసులో కోపం లేదని అప్పుడు అందరికీ అర్థమైంది.

ఈ సంఘటనలో ఎంతో గుణపాఠముంది. బహిష్టు స్త్రీని వెలివేసినట్లు దూరం పెట్టడం సరికాదు. అదే సమయంలో, ఇతరులకు భిన్నంగా కనిపించాలన్న ఉత్సాహంతో అల్లాహ్ గీసిన గీత దాటడమూ సరికాదు. మన ధర్మం ఎవరి మీదా పోటీతో నిర్ణయమయ్యేది కాదు.

‘అజా’ అంటే ఏమిటి?

ఆయతులోని ‘అజా’ అనే పదం దగ్గర మనం కాస్త ఆగాలి. చాలా ఉర్దూ అనువాదాల్లో దీనికి ‘గందగీ’, ‘నాపాకీ’ వంటి పదాలు కనిపిస్తాయి. వాటిని చదివిన సామాన్యుడు ఆ స్త్రీయే మలినమైపోయిందని భావిస్తాడు. ఈ పదానికి మాలిన్యమనే అర్థంతోపాటు వ్యాధి అనే అర్థం కూడా ఉందని మౌలానా మౌదూదీ (రహ్మ) తఫ్హీముల్ ఖుర్ఆన్‌లో గుర్తుచేశారు.

ఖుర్ఆన్‌నే అడుగుదాం. ఇదే సూరా 196వ ఆయతులో హజ్ యాత్రికుని తలలో ఏదైనా బాధ ఉంటే ఏం చేయాలో చెప్పిన చోట ఇదే పదం వచ్చింది. సూరె నిసా 102వ ఆయతులో, యుద్ధ సమయాన వర్షం వల్ల ఇబ్బంది కలిగితే ఆయుధాలు పక్కన పెట్టవచ్చని చెప్పిన చోట కూడా ఇదే పదం. వర్షం మలినం కాదు కదా! సూరె బఖరా 264వ ఆయతులో, దానం చేసి ఎత్తిపొడిచి మనసు నొప్పిస్తే ఆ దానం వృథా అవుతుందని హెచ్చరించిన చోట కూడా ఇదే పదం. అంటే బాధ, ఇబ్బంది, నొప్పి అన్నవి ఈ పదంలో ఇమిడి ఉన్నాయి.

బహిష్టు రక్తం నజిస్ అన్నదానిలో సందేహం లేదు. అది బట్టకంటితే కడగాలి. కాని స్త్రీ నజిస్ కాదు. ఆమె చేయి, ఆమె చెమట, ఆమె ఎంగిలి, ఆమె వండిన అన్నం అన్నీ శుద్ధమైనవే. ఒకసారి దైవప్రవక్త (స) మస్జిదు నుండి చిన్న చాప అందించమని హజ్రత్ ఆయిషా (రజి)ను అడిగారు. తాను బహిష్టులో ఉన్నానని ఆమె చెప్పుకున్నారు. నీ బహిష్టు నీ చేతిలో లేదు కదా అన్న భావంతో ఆయన సమాధానమిచ్చారు. ఆవకాయ జాడీ గురించి భయపడే మన ఇళ్లకు ఈ ఒక్క హదీసు చాలు.

మరో విషయం గమనించండి. దూరంగా ఉండమన్న ఆదేశం పురుషులను ఉద్దేశించింది. స్త్రీని మూలకు వెళ్లి కూర్చోమని అల్లాహ్ చెప్పలేదు. నిగ్రహించుకోమని పురుషునికి చెప్పాడు. శరీరం నలతగా ఉన్న మనిషి మీద మరో భారం మోపకుండా, ఓర్పు వహించే బాధ్యతను ఆరోగ్యంగా ఉన్న మనిషి మీద పెట్టాడు. మనమేమో ఆ బాధ్యతను తలకిందులు చేసి, బాధలో ఉన్న స్త్రీకే శిక్ష వేస్తున్నాం.

ప్రవక్త (స) గృహంలో

ఈ ఆయతుకు అతి గొప్ప వ్యాఖ్యానం దైవప్రవక్త (స) జీవితమే. హజ్రత్ ఆయిషా (రజి) బహిష్టులో ఉండగా ఆయన ఆమె ఒడిలో తలపెట్టుకుని ఖుర్ఆన్ పఠించేవారు. ఆమె నీళ్లు తాగి పాత్ర ఇస్తే, ఆమె పెదవులు తాకిన చోటే తన పెదవులు ఆనించి తాగేవారు. ఆమె ఎముక మీది మాంసం కొరికి ఇస్తే, ఆమె కొరికిన చోటే తానూ కొరికి తినేవారు. దాహం తీరడానికి పాత్రకు ఏ అంచయినా చాలు. ఏరికోరి ఆ అంచునే ఎన్నుకోవడం ఆమె మనసు కోసం.

హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఒక రాత్రి సంగతి చెప్పారు. ఆమె ప్రవక్త (స)తో ఒకే దుప్పటి కింద పడుకుని ఉండగా బహిష్టు మొదలైంది. ఆమె చప్పుడు చేయకుండా లేచి వెళ్లి, ఆ రోజుల్లో ధరించే బట్టలు వేసుకున్నారు. ఆయన గ్రహించి, బహిష్టు అయ్యిందా అని అడిగారు. అవునని ఆమె చెప్పగా దగ్గరకు పిలిచి అదే దుప్పటి కింద తన పక్కన పడుకోబెట్టుకున్నారు. ఆమె తనంతట తానే లేచి వెళ్లారు, ఆయన వెనక్కి పిలిచారు. మన ఇళ్లలో జరిగేదానికి, ఆ ఇంట జరిగినదానికి ఎంత తేడా ఉందో ఆలోచించండి.

హద్దు ఎక్కడ?

బహిష్టులో సంభోగం హరామ్. ఇందులో ఉమ్మత్ అంతటికీ ఏకాభిప్రాయం ఉంది. ముద్దు, కౌగిలి, పక్కన పడుకోవడం, నాభికి పైన, మోకాళ్లకు కింద స్పర్శ సుఖం పొందడం ధర్మసమ్మతం. ఇందులోనూ అభిప్రాయ భేదం లేదు.

నాభికి, మోకాళ్లకు మధ్య భాగం విషయంలో ఇమాముల మధ్య భేదం ఉంది. ఇమాం అబూ హనీఫా, ఇమాం మాలిక్, ఇమాం షాఫయీ (రహ్మ)ల దృష్టిలో బట్ట అడ్డు లేకుండా ఆ భాగంతో సుఖం పొందరాదు. తనను ఇజార్ కట్టుకోమని చెప్పి ఆ తర్వాత ప్రవక్త (స) తనను దగ్గరకు తీసుకునేవారన్న హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖనం వారి ఆధారాల్లో ఒకటి. ఇమాం అహ్మద్ బిన్ హంబల్, హనఫీ ఇమాములలో ఇమాం ముహమ్మద్ (రహ్మ) మాత్రం రక్తస్రావ స్థానాన్ని తప్పించుకుంటే చాలన్నారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖనం వారికి ఆధారం. ఆధారాల రీత్యా ఈ అభిప్రాయం బలమైనదని షాఫయీ పండితులైన ఇమాం నవవీ (రహ్మ) కూడా రాశారు. మన ప్రాంతంలో ఎక్కువమంది హనఫీలు కనుక బట్ట అడ్డుగా ఉంచుకోవడమే జాగ్రత్త గల మార్గం. వెనుక మార్గం మాత్రం ఏ రోజుల్లోనైనా, ఏ పరిస్థితిలోనైనా నిషిద్ధమే.

ఇజార్ సంగతి చెబుతూ హజ్రత్ ఆయిషా (రజి), తన కోరికపై ప్రవక్త (స)కు ఉన్నంత అదుపు మీలో ఎవరికి ఉందని ప్రశ్నించారు. తనపై తనకు నమ్మకం లేనివాడు గీత అంచు దాకా పోకుండా ఉండటమే మంచిది.

మౌలానా అష్రఫ్ అలీ థానవీ (రహ్మ) రచించిన బెహిష్తీ జేవర్ మన ఇళ్లలో ఎందరో పెళ్లికూతుళ్లకు కానుకగా ఇచ్చే పుస్తకం. సంభోగం తప్ప కలిసి తినడం, తాగడం, పడుకోవడం అన్నీ సమ్మతమేనని అందులోనూ స్పష్టంగా ఉంది. పుస్తకం బీరువాలో ఉంది. ఆచరణ మాత్రం పక్కింటి నుండి వస్తోంది.

అనుమతి వేరు, హక్కు వేరు

ఇక మొదట వేసుకున్న రెండో ప్రశ్నకు వద్దాం. ‘అది తప్ప అన్నీ జాయిజే కదా’ అంటూ, కడుపునొప్పితో ముడుచుకుని పడుకున్న భార్యను విసిగించే భర్త చేస్తున్నది సరైనదేనా?

ఫత్వా భాషలో అతను చేసే పని నిషిద్ధం కాకపోవచ్చు. కాని అల్లాహ్ ఆ స్థితికి పెట్టిన పేరే ‘అజా’. బాధలో ఉంది కనుక వదిలేయమని అల్లాహ్ ఒక పనిని ఆపాడు. ఆ బాధ మీదే మరో రూపంలో ఒత్తిడి తెచ్చినవాడు ఆదేశంలోని మాటను పాటించి దాని ఉద్దేశాన్ని పోగొట్టుకున్నాడు. దానం లాంటి గొప్ప సత్కార్యమే అవతలి వ్యక్తిని నొప్పిస్తే వృథా అవుతుందన్నప్పుడు, కేవలం అనుమతి ఉన్న పనితో భార్యను నొప్పించడం ఎలా మంచి పనవుతుంది? సూరె నిసా 19వ ఆయతు భార్యలతో ఉత్తమ రీతిలో కాపురం చేయమంటుంది. సూరె రూమ్ 21వ ఆయతు భార్యాభర్తల మధ్య అల్లాహ్ ప్రేమను, కరుణను ఉంచాడని తెలుపుతుంది. ప్రేమ కోరుకుంటుంది. కరుణ ఆగుతుంది. దాంపత్యానికి రెండూ అవసరమే.

‘మరి పురుషుని కోరికకు విలువ లేదా?’ అని కొందరు అడగవచ్చు. ఉంది. అందుకే ఇస్లాం తలుపులన్నీ మూయలేదు. భార్య ఇష్టంగా ఉన్నప్పుడు ఆమె సాన్నిహిత్యంతో, ధర్మసమ్మతమైన స్పర్శతో అతను ఊరట పొందవచ్చు. భర్త హరామ్ వైపు చూడకుండా తోడ్పడాలనే సంకల్పంతో ఆమె దగ్గరైతే, ఇన్షా అల్లాహ్ ఆమెకూ పుణ్యమే. కాని అది ఆమె ప్రేమతో ఇచ్చేది. వసూలు చేసుకునే బాకీ కాదు.

రోజా ఉన్న మనిషి పగలంతా అన్నానికి దూరంగా ఉంటాడు. అన్నాన్ని అసహ్యించుకుంటాడా? లేదు. అది అల్లాహ్ అనుగ్రహమని తెలిసే, ఆయన ఆజ్ఞ కోసం ఆగుతాడు. బహిష్టు దినాల్లో భర్త నిగ్రహం కూడా ఇలాంటిదే. అందులో ఆమె పట్ల ఏవగింపు ఉండకూడదు. అల్లాహ్ పట్ల విధేయత ఉండాలి.

స్త్రీ బాధ్యత, పురుషుని బాధ్యత

భార్య తన స్థితిని ఉన్నదున్నట్లు చెప్పాలి. సిగ్గుపడి దాచడం, భర్తను తప్పించుకోవడానికి లేని బహిష్టు చెప్పడం రెండూ తగవు. భర్త ఆమె మాటను నమ్మాలి. నిషిద్ధ కార్యానికి పిలిస్తే ఆమె నిరాకరించాలి. సృష్టికర్త ఆజ్ఞను ధిక్కరించి ఏ మనిషికీ విధేయత చూపరాదన్నది షరీఅత్ సూత్రం. అప్పుడు నిరాకరించిన భార్య అవిధేయురాలు కాదు. అతను బలవంతం చేస్తే పాపం అతనిదే, ఆమెది కాదు. ఈ మాట మన అక్కచెల్లెళ్లు మనసులో గట్టిగా నాటుకోవాలి.

ఎవరివల్లనైనా ఈ పాపం జరిగితే నిజమైన తౌబా చేసుకోవాలి. ఒక దీనారు లేదా అర దీనారు దానం చేయమని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన హదీసు ఉంది. దీనారు అంటే సుమారు నాలుగుంపావు గ్రాముల బంగారం. హనఫీల వద్ద ఈ దానం ముస్తహబ్, తౌబా తప్పనిసరి.

హనఫీ ఫిఖ్హ్ ప్రకారం బహిష్టు కనీసం మూడు రోజులు, గరిష్ఠంగా పది రోజులు. షాఫయీల వద్ద గరిష్ఠ పరిమితి పదిహేను రోజులు. రక్తస్రావం ఆగి, స్త్రీ గుస్ల్ చేసిన తర్వాతే భార్యాభర్తలు కలుసుకోవాలి. పరిమితి దాటి వచ్చే రక్తం బహిష్టు కాదు, ఇస్తిహాజా. అందులో నమాజ్ మానరాదు, దాంపత్యానికీ ఆటంకం లేదని అధిక సంఖ్యాక పండితుల అభిప్రాయం. అలాంటి రక్తస్రావం కొనసాగితే సిగ్గుపడకుండా డాక్టరుకు చూపించాలి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన దేశంలో 15 నుండి 49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. తెలంగాణలో 57.6 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం. అసలే రక్తం తక్కువైన శరీరం నెలనెలా రక్తం కోల్పోతున్నప్పుడు ఆ ఇంటి పురుషుడు ఏం చేయాలో వేరే చెప్పనక్కరలేదు. దైవప్రవక్త (స) ఇంటి పనుల్లో భార్యలకు సాయపడేవారు. ఆ రోజుల్లో బిందె ఎత్తడం, కాసిని నీళ్లు కాచి ఇవ్వడం, ఆమెకు కావలసినవి దుకాణం నుండి తానే తెచ్చివ్వడం భర్తకు నామోషీ కాదు, సున్నత్ బాట.

ఆఖరి హజ్ యాత్రలో మక్కా సమీపంలోని సరిఫ్ వద్ద హజ్రత్ ఆయిషా (రజి)కు బహిష్టు వచ్చింది. హజ్ తప్పిపోతుందేమోనని ఆమె ఏడుస్తుంటే, ఇది ఆదం కుమార్తెల కోసం అల్లాహ్ నిర్ణయించినదేనని ప్రవక్త (స) ఓదార్చారు. తవాఫ్ తప్ప హాజీలు చేసేవన్నీ చేయమన్నారు. అక్కడ కూడా ఆపింది ఒక్క పనినే. మిగతా దారంతా ఆమెకు తెరిచే ఉంచారు.

ప్రియ సోదరులారా! అల్లాహ్ ఒక్క గీత గీశాడు. దాన్ని చెరిపే అధికారం మనకు లేదు. దాన్ని గోడగా కట్టే అధికారమూ లేదు. గీతకు ఇవతల మిగిలిన చోటంతా ప్రేమకు, సేవకు, ఓదార్పుకు వదిలాడు. ఈ నెల మీ ఇంట ఆ రోజులు వచ్చినప్పుడు వేరు చేసిన కంచాన్ని తీసివేయండి. ఒకే పళ్లెంలో కలిసి తినండి.

అల్లాహ్ మనందరికీ తన హద్దులను గుర్తించి పాటించే భాగ్యాన్ని, మన గృహాల్లో ప్రేమను, కరుణను ప్రసాదించుగాక! ఆమీన్.